దానికి సనద్ ఏది, ఆపా?

2006లో పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు మా ఊరి సర్పంచ్ సీటు మహిళలకు రిజర్వు అయింది. నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పళ్ళు గారబట్టిన ఊళ్ళలో మాదీ ఒకటి. మా ఖాలమ్మ అప్పటికే పొదుపు సంఘం లీడరు. మంచినీళ్ళ ట్యాంకు కోసం మండలాఫీసు చుట్టూ తిరిగీ తిరిగీ, ఎవరితో మాట్లాడాలో ఎవరితో కొట్లాడాలో బాగా తెలిసిన మనిషి. నామినేషన్ వేసింది. మా గల్లీ వాళ్ళే కాదు, ఊళ్ళో అన్ని కులాల ఆడవాళ్ళూ ఆమె వెంట నడిచారు.

నామినేషన్ వాపసు తీసుకోవడానికి ఇంకా రెండ్రోజులు గడువుందనగా బంధువుల్లో ఒక పెద్దమనిషి మా ఇంటికొచ్చాడు. వెంట మదర్సా చదువు అప్పుడే పూర్తి చేసుకుని వచ్చిన ఒక కుర్రవాడు. పెద్దమనిషి కోప్పడలేదు, అరవలేదు. చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, తమ వ్యవహారాన్ని ఆడదాని చేతిలో పెట్టిన జాతి బాగుపడదని ప్రవక్త చెప్పారని, అది బుఖారీలో ఉందని, బుఖారీలో ఉన్నదాన్ని కాదనడానికి మనమెవరమని అన్నాడు.

నేనప్పుడు హైదరాబాదులో చరిత్రలో ఎం.ఏ. చదువుతున్నాను. స్త్రీవాద పుస్తకాలు కొత్తగా చేతికొచ్చిన రోజులు. రక్తం మరిగింది. నాకు తెలిసినవన్నీ వరసగా వల్లించాను. ఖలీఫా ఉమర్ మహర్‌కి హద్దు పెట్టబోతే నిండు మసీదులో ఒక స్త్రీ లేచి తప్పని చెప్పింది కదా అన్నాను. అదే ఉమర్ మదీనా బజారు మీద అజమాయిషీకి షిఫా అనే స్త్రీని పెట్టాడు కదా అన్నాను. సగం మతం ఆయేషా దగ్గరే నేర్చుకోమని ప్రవక్తే చెప్పారు కదా అని కూడా అన్నాను.

కుర్రవాడు అంతా విన్నాడు. నా వయసే ఉంటుందతనికి. తల దించుకునే, ఎంతో మర్యాదగా అడిగాడు: "మాటలు బాగున్నాయి ఆపా. కానీ దానికి సనద్ ఏది?"

నా దగ్గర జవాబు లేదు. ఎక్కడో ఒక పుస్తకంలో చదివాను. ఆ పుస్తకం రాసినామె ఇంకెక్కడో చదివింది. అంతే.

మర్నాడు ఖాలమ్మ మండలాఫీసుకి పోయి నామినేషన్ వాపసు తీసుకుంది. నా మాటలు నిలబడనందుకే తీసుకుందని చెప్పలేను. ఇంట్లో పెళ్ళి కావలసిన ఆడపిల్లలున్నారు, గొడవ వద్దనుకుంది. కానీ ఆ రోజు ఆ ముసలాయన మాట గోడలా నిలబడిందనీ, నా మాటలు పేకముక్కల్లా పడిపోయాయనీ నాకు తెలుసు. ఈ వ్యాసం ఆ పడిపోవడం గురించే.

* * *

ముందు సనద్ అంటే ఏమిటో చెప్పాలి. మన ఊళ్ళలో భూమి కొనేటప్పుడు లింకు కాయితాలు చూస్తారు కదా. ఫలానా ఆయన ఈ భూమిని ఎవరి దగ్గర కొన్నాడు, ఆయనకు ఎవరమ్మారు, అమ్మిన రోజుకి ఆ మనిషి బతికే ఉన్నాడా, సంతకం అతనిదేనా, మధ్యలో ఒక్క కాయితమైనా తప్పిపోయిందా అని చూస్తాం. హదీసుకి సనద్ సరిగ్గా అలాంటిదే. నాకు ఫలానా వ్యక్తి చెప్పాడు, అతనికి ఫలానా ఆయన చెప్పాడు అంటూ ప్రవక్త దాకా పోయే మనుషుల గొలుసు. చెప్పిన మాట వేరు, దాన్ని మోసుకొచ్చిన గొలుసు వేరు. మధ్యలో కాయితం లేకపోతే దాన్ని "మున్ఖతీ" అంటారు. తెగిన గొలుసన్నమాట.

ఈ అడగడం మొదటి రోజు నుంచీ లేదు. ప్రవక్త 632లో పోయారు. 656లో మూడో ఖలీఫా ఉస్మాన్ హత్య జరిగింది, ముస్లింలు ముస్లింల మీదే కత్తులు దూశారు. ఎవరి పక్షానికి వాళ్ళు ప్రవక్త పేరు మీద మాటలు తెచ్చుకోవడం మొదలయ్యాక, నీకెవరు చెప్పారు అని అడగడం మొదలైందని బస్రాకి చెందిన ఇబ్న్ సీరీన్ గుర్తు చేసుకున్నట్టు చెప్తారు. ఆయన 729లో చనిపోయాడు. అంటే ఈ శాస్త్రం అనుమానంలోంచి పుట్టింది. భక్తి ఉన్నవాళ్ళే అనుమానించారు. నాకు ఇది తెలిసినప్పుడు చాలా ఊరటగా అనిపించింది.

ఇంకో సంగతి తెలిసి ఆశ్చర్యపోయాను. గొలుసులోని మనుషుల్ని పరీక్షించే పెద్ద పెద్ద పుస్తకాలు చాలా వరకు మొదట అచ్చయింది కైరోలోనో డమాస్కస్‌లోనో కాదు, మన హైదరాబాదులో. 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ వాటిని అచ్చువేసింది. వేల మంది హదీసు చెప్పినవాళ్ళ గురించి, ఎవరు నమ్మదగినవాడు, ఎవరికి ముసలితనంలో జ్ఞాపకం తప్పింది, ఎవరు ఎవరిని కలవకుండానే కలిశానన్నాడు అని నమోదు చేసిన ఇబ్న్ హజర్ గ్రంథం "తహ్‌జీబుల్ తహ్‌జీబ్" హిజ్రీ 1325-27లో, అంటే 1907-1909 ప్రాంతంలో, 12 సంపుటాలుగా ఇక్కడే వచ్చింది. బైహకీ రాసిన "సుననుల్ కుబ్రా" 10 సంపుటాలూ ఇక్కడివే. లోకంలో హదీసు చదువుకునేవాళ్ళందరూ మన ఊరి అచ్చు చూసి చదువుకున్నారు. నేను మాత్రం అదే నగరంలో ఉండి, ఆ కుర్రవాడు అడిగేదాకా వాటి పేర్లు కూడా వినలేదు.

బాలికల మదర్సాలో చదువు చెప్పే ఒక ఆపా దగ్గర అరబీ మొదలుపెట్టాను. నాలుగేళ్ళు పట్టింది, మెల్లగా కూడబలుక్కుని చదవడానికి. మొదట వెతికింది నేను ప్రేమించిన కథల్నే.

* * *

మహర్ కథ తీసుకోండి. ఉమర్ మింబరెక్కి, మహర్ 400 దిర్హములకు మించకూడదన్నాడట. ఒక ఖురైష్ స్త్రీ లేచి, భార్యకు ధనరాశి ఇచ్చినా తిరిగి తీసుకోవద్దని ఖురాన్ నాలుగో సూరాలో ఉండగా నువ్వెవరు హద్దు పెట్టడానికి అందట. ఉమర్ తన తప్పు ఒప్పుకున్నాడట. ముస్లిం స్త్రీల గురించి రాసిన ఏ పుస్తకంలోనైనా ఈ కథ కనపడుతుంది. నేనూ రెండు వ్యాసాల్లో రాశాను.

బైహకీ ఈ కథను నమోదు చేసి, దాని పక్కనే ఇది మున్ఖతీ అని రాశాడు. చెప్పిన షఅబీ, ఉమర్ కాలాన్ని ఎరిగి చెప్పేంత వయసున్నవాడు కాదు. ఇంకో దారిలో షఅబీకీ ఉమర్‌కీ మధ్య మస్రూఖ్ అనే పెద్దమనిషి ఉన్నాడు. కానీ ఆ దారిలో ముజాలిద్ అనే అతను వస్తాడు, అతని జ్ఞాపకశక్తి మీద విమర్శకులకు నమ్మకం తక్కువ. ఇబ్న్ కసీర్ లాంటి పండితుడు ఆ రెండో దారిని మంచిదే అన్నాడు కాబట్టి తగువు తెగలేదు. అయితే మహర్ విషయంలో ఉమర్ చెప్పినట్టు గట్టి గొలుసుతో వచ్చిన మాట వేరే ఉంది. అందులో ఆయన మహర్‌లు మితిమీరి పెంచుకోవద్దని హితవు చెప్తాడు. లేచి నిలబడ్డ స్త్రీ అందులో లేదు.

ఆ పేజీ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమె ఎన్నేళ్ళుగానో నా మనిషి. ఏ మీటింగులో నిలబడి మాట్లాడాల్సి వచ్చినా ఆమెనే తలచుకునేదాన్ని.

సగం మతం ఆయేషా దగ్గర నేర్చుకోమన్న మాట ఇంకా అన్యాయం. దీనికి తెగిన గొలుసు కూడా లేదు, అసలు గొలుసే లేదు. ఇబ్న్ కసీర్ తన గురువులైన మిజ్జీనీ జహబీనీ అడిగితే, ఇద్దరూ తమకు తెలియదన్నారు. ఇబ్న్ హజర్ కూడా దీనికి సనద్ ఎక్కడా కనపడలేదన్నాడు. ఆయేషా దగ్గర పెద్దపెద్ద సహాబాలు వచ్చి సందేహాలు తీర్చుకున్నారన్నది గట్టిగా నిలిచే చరిత్ర. దానికి ఈ కల్పన అవసరమే లేదు. ఉన్న భూమికి దొంగ పట్టా పుట్టించినట్టు అయింది.

ఇక షిఫా. అబ్దుల్లా కూతురు షిఫా చదవడం రాయడం వచ్చిన మనిషి, ప్రవక్త భార్య హఫ్సాకి రాత నేర్పిందంటారు. బజారు సంగతి మాత్రం పదకొండో శతాబ్దపు అందలూసియా పండితుడు ఇబ్న్ అబ్దుల్ బర్ర్ చాలా మెత్తగా చెప్తాడు. ఉమర్ ఎప్పుడైనా బజారు పనిలో కొంత ఆమెకి అప్పజెప్పి ఉండొచ్చన్నంత వరకే. ఆ తర్వాతి తరంలో సెవిల్‌కి చెందిన ఖాజీ ఇబ్నుల్ అరబీ అయితే ఇది నిజం కాదని, పట్టించుకోవద్దని తెగేసి చెప్పాడు. ఆయన కొట్టేసింది గొలుసు చూసా, స్త్రీ అధికారమంటే గిట్టకా అని నాకు అనుమానం ఉంది. అనుమానం ఉన్నంత మాత్రాన ఇబ్న్ అబ్దుల్ బర్ర్ మెత్తటి మాట గట్టిపడదు.

మూడు కథలూ పోయాయి. ఒకటి తగువులో ఉంది, ఒకటి గాల్లో ఉంది, ఒకటి "ఉండొచ్చు" దగ్గర ఆగింది.

* * *

అప్పుడు కోపంగా రెండో వైపు తిరిగాను. సరే, మా కథల్ని ఇంత నిక్కచ్చిగా తూచారు కదా, ఆ పెద్దమనిషి హదీసుని కూడా అదే కాటాలో పెడదాం అనుకున్నాను.

ఈ పని నాకంటే ముందే చేసిన మనిషి మొరాకో సామాజిక శాస్త్రవేత్త ఫాతిమా మెర్నిసీ. 1940లో ఫెస్ నగరంలో పుట్టి 2015లో చనిపోయింది. ముస్లింలకు స్త్రీ నాయకత్వం వహించవచ్చా అని ఒక కిరాణా కొట్టులో అడిగితే, సామాన్లు కొంటున్న ఇంకొకాయన ఇదే హదీసు ఆమె మొహాన చదివాడు. ఆ అవమానంలోంచే 1987లో ఫ్రెంచిలో ఆమె పుస్తకం వచ్చింది. ఆమెకు కిరాణా కొట్టు, నాకు చాయ్ కప్పు. హదీసు అదే.

ఈ మాట చెప్పినాయన పేరు అబూ బక్రా. తాయిఫ్ పట్నంలో బానిస. 630లో ముస్లింలు తాయిఫ్‌ని ముట్టడించినప్పుడు కోటగోడ మీంచి గిలక పట్టుకుని దిగివచ్చి స్వేచ్ఛ పొందాడు. అరబీలో బక్రా అంటే గిలక, ఆయన పేరు అలా వచ్చింది. తర్వాత బస్రాలో స్థిరపడ్డాడు. 656 చివర్లో బస్రా దగ్గర ఆయేషా ఒంటె మీద అంబారీలో కూర్చుని, తల్హా, జుబైర్ పక్కనుండగా, ఖలీఫా అలీ సైన్యానికి ఎదురు నిలిచింది. ఓడిపోయింది. తాను ఆ ఒంటె పక్షంలో దాదాపు చేరబోయానని, ప్రవక్త దగ్గర విన్న ఒక మాట గుర్తుకొచ్చి ఆగిపోయానని అబూ బక్రా చెప్పాడు. పర్షియన్లు కిస్రా కూతుర్ని గద్దె మీద కూర్చోబెట్టారని విన్నప్పుడు ప్రవక్త అన్న మాట అది.

మెర్నిసీ వాదన ప్రధానంగా రెండు. పాతికేళ్ళ కిందటి మాట సరిగ్గా గెలిచినవాళ్ళకు అనుకూలంగా గుర్తుకురావడమేమిటన్నది ఒకటి. రెండోది, 638 ప్రాంతంలో అబూ బక్రా బస్రా గవర్నర్ ముగీరా మీద వ్యభిచారం ఆరోపించాడు, నలుగురు సాక్షుల్లో నాలుగో అతను తడబడ్డాడు, దాంతో ఉమర్ మిగతావాళ్ళకు అపనింద నేరం కింద కొరడా దెబ్బలు కొట్టించాడు. అలాంటివాడి సాక్ష్యం ఎన్నటికీ ఒప్పుకోవద్దని ఖురాన్ 24వ సూరాలో ఉంది. ఇక అతని హదీసు ఎలా ఒప్పుకుంటారు?

మొదటిసారి చదివినప్పుడు చప్పట్లు కొట్టాలనిపించింది. మళ్ళీ చదివినప్పుడు ఒక చోట ముల్లు గుచ్చుకుంది. 1979లో పాకిస్తాన్‌లో హుదూద్ చట్టాలు వచ్చాక ఏం జరిగిందో మనకు తెలుసు. 1983లో చూపులేని ఒక పేద పిల్ల తన మీద అత్యాచారం జరిగిందంటే, మగవాళ్ళు సాక్ష్యం లేదని బయటపడ్డారు, ఆమెకు శిక్ష వేశారు. తర్వాత పై కోర్టులో ఆ శిక్ష కొట్టేశారు గానీ, అదీ ఆడవాళ్ళు వీధుల్లోకి వచ్చి అరిచాక. సాక్షులు చాలనంత మాత్రాన చెప్పినవాళ్ళు అబద్ధాలకోరులా అని అరిచింది మనమే. ఇప్పుడు అబూ బక్రా దగ్గరకొచ్చేసరికి, నాలుగో సాక్షి తడబడ్డాడు కాబట్టి నువ్వు అబద్ధాలకోరువి అంటున్నదీ మనమే. పైగా ఆయన కొరడా దెబ్బలు తిన్నాక కూడా చూసింది చూశాననే అన్నాడు, మాట వెనక్కి తీసుకోలేదు. నాకు ఆయన మీద కొంచెం గౌరవం కూడా కలిగింది.

బుఖారీకి ఈ సంగతి తెలియదా? తెలుసు. కొరడా దెబ్బల సంగతి తన గ్రంథంలో సాక్ష్యాల అధ్యాయంలో తనే రాశాడు. కోర్టులో సాక్ష్యం వేరు, హదీసు చెప్పడం వేరు అన్నది వాళ్ళ పద్ధతి. దాన్ని విమర్శించవచ్చు. కానీ దాచిపెట్టారని అనలేం.

గొలుసు చూద్దాం. బుఖారీకి చెప్పింది ఉస్మాన్ బిన్ హైసమ్, అతనికి ఔఫ్, అతనికి హసన్ బస్రీ, ఆయనకు అబూ బక్రా. హసన్ నిజంగా అబూ బక్రా నోట విన్నాడా అని పదో శతాబ్దంలో దారఖుత్నీ ప్రశ్నించాడు. విన్నాడని బుఖారీ, ఆయన గురువు ఇబ్నుల్ మదీనీ ఇంకో హదీసు ఆధారంగా నమ్మారు. తేదీలు కూడా కుదురుతాయి. ఖుస్రో 628లో హత్యకు గురయ్యాడు, కూతురు బోరాన్ 630లో సింహాసనమెక్కింది, అబూ బక్రా అదే ఏడు ముస్లింలలో చేరాడు, ప్రవక్త ఇంకో రెండేళ్ళు బతికారు. లింకు కాయితాలు చూసే మనిషిగా నేను ఒప్పుకోవాలి, నా మహర్ కథ కన్నా ఈ హదీసు కాయితాలు గట్టివి.

ఇది రాయడం నాకు ఇష్టంగా లేదు. అయినా రాస్తున్నాను.

అయితే గొలుసు గట్టిదైతే కథ అయిపోదు. చరిత్ర విద్యార్థిగా నాకు ఇంకా మూడు విషయాలు కనపడ్డాయి. ఒకటి, గొలుసులో ఉన్నవాళ్ళందరూ బస్రావాళ్ళే. ఆయేషాతో కలిసి ఓడిపోయిన ఊరది, ఎందుకు ఓడిపోయామో తరతరాలుగా తమకు తాము చెప్పుకోవలసిన ఊరు. రెండు, ప్రసిద్ధ సంకలనాల్లో ఈ మాట ఏ దారిన వచ్చినా చివరికి అబూ బక్రా ఒక్కడి దగ్గరికే చేరుతుంది. ఒక జాతి మొత్తం తలరాతకు సంబంధించిన మాటని ఇంకెవ్వరూ విననట్టే ఉంది. మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. బుఖారీలో ఈ హదీసు పక్కనే ఇంకోటి ఉంది. అదే యుద్ధానికి ముందు అలీ మనిషి అమ్మార్ కూఫా మసీదులో మింబరెక్కి ఆయేషాకి వ్యతిరేకంగా జనాన్ని కూడగడుతున్నాడు. ఆమె ఈ లోకంలోనూ పరలోకంలోనూ ప్రవక్త భార్యేనని, కానీ దేవుడి మాట వింటారా ఆమె మాట వింటారా అన్నది మీకు పరీక్ష అని చెప్తాడు. ఆమె ఆడది కాబట్టి వెళ్ళొద్దని ఒక్క మాట లేదు. ఆ క్షణాన అంతకు మించిన ఆయుధం ఇంకోటి లేదు, చేతిలో ఉంటే తీయకుండా ఉంటాడా? చెప్పకపోవడం పూర్తి రుజువు కాదని నాకు తెలుసు. కానీ కాటాలో అది కూడా పెట్టాల్సిన బరువే.

* * *

ఇలా తూచడం ఎవరు నేర్పారని వెతుక్కుంటూ పోతే మళ్ళీ ఆయేషా దగ్గరే తేలాను. సనద్ అన్న మాట పుట్టకముందే, విన్న మాటని పరీక్షకు పెట్టిన మనిషి ఆమె. పధ్నాలుగో శతాబ్దంలో కైరో పండితుడు జర్కషీ, ఆయేషా ఏ సహాబాని ఏ విషయంలో సరిదిద్దిందో ఒక పుస్తకంగానే కూర్చాడు.

ఇంటివాళ్ళు ఏడిస్తే చచ్చిపోయినవాడికి శిక్ష పడుతుందని ఉమర్, ఆయన కొడుకు చెప్తే ఆమె ఒప్పుకోలేదు. ఒకరి బరువు ఇంకొకరు మోయరన్న ఖురాన్ మాటకి ఇది పొసగదంది. వాళ్ళని అబద్ధాలకోరులనలేదు. చెవి పొరబడిందని మాత్రం చెప్పింది. ఆడమనిషో గాడిదో కుక్కో ముందునుంచి పోతే నమాజు చెడుతుందన్నవాళ్ళని, మమ్మల్ని కుక్కలతో గాడిదలతో జతకడతారా అని నిలదీసింది. ఊరికే నిలదీయలేదు, ప్రవక్త నమాజు చేస్తుంటే తాను ఆయన ముందే పడుకుని ఉండేదాన్నని కళ్ళతో చూసిన సాక్ష్యం ముందు పెట్టింది.

ఇక్కడా నాకొక పాఠం ఉంది. స్త్రీలో, ఇంట్లో, గుర్రంలో అపశకునం ఉందని అబూ హురైరా చెప్పగా ఆయేషా ఖండించిన ఉదంతం రెండు రకాలుగా వచ్చింది. ఒకదాన్లో, అతను గుమ్మంలోకి ఆలస్యంగా వచ్చి మాట చివర విన్నాడు, మొదలు వినలేదు అంటుంది. చక్కటి కథ, చెప్పుకోవడానికి బాగుంటుంది. కానీ దాని గొలుసులో మక్హూల్ ఉన్నాడు, ఆయన ఆయేషా దగ్గర వినలేదు. తెగిన గొలుసు. ఇంకోదాన్లో ఇద్దరు మనుషులు వచ్చి అడిగితే ఆమె మండిపడి, అది అజ్ఞాన కాలపు జనం నమ్మకమని చెప్పి ఖురాన్ వాక్యం చదువుతుంది. ఇది గట్టిది. నేనిప్పుడు ఎక్కడ మాట్లాడినా రెండోదే చెప్తున్నాను. గుమ్మం కథ వదిలేసినప్పుడు బాధేసింది, చెప్పొద్దూ.

పాశ్చాత్య చరిత్రకారులు వేరే దారిలో వచ్చారు. 1890లో గోల్డ్‌జిహర్, 1950లో షాఖ్త్ హదీసుల్లో ఎక్కువ భాగం తర్వాతి తరాల తగాదాల్లోంచి పుట్టాయన్నారు. 1967లో నబియా అబ్బాట్ పాత పపైరస్ ముక్కలు ముందు పెట్టుకుని, రాసుకోవడం మనమనుకున్నదానికన్నా ముందే మొదలైందని వాదించింది. హైదరాబాదులో పుట్టి ఉస్మానియాలో చదువుకున్న ముహమ్మద్ హమీదుల్లా, అబూ హురైరా శిష్యుడు హమ్మామ్ రాసుకున్నదని చెప్పే 138 హదీసుల చిన్న పుస్తకాన్ని 1953లో వెలుగులోకి తెచ్చాడు. తర్వాత మోట్స్కీ లాంటివాళ్ళు ఒకే హదీసు వచ్చిన గొలుసులన్నీ, పాఠాలన్నీ పక్కపక్కన పెట్టి, ఎక్కడ మాట మారిందో చూసి ఏ తరంలో పుట్టిందో లెక్కగట్టడం మొదలుపెట్టారు. అన్నీ నమ్మడమూ కాదు, అన్నీ కొట్టేయడమూ కాదు, ఒక్కొక్కటీ చూడడమే పని.

నాకు బాగా పనికొచ్చిన మాట న్యాయశాస్త్ర పండితుడు ఖాలిద్ అబూ అల్ ఫజల్ 2001లో రాసిన పుస్తకంలో దొరికింది. ఒక హదీసు వల్ల మనుషుల బతుకు మీద పడే భారం ఎంత పెద్దదో, దానికి అడిగే రుజువు కూడా అంత పెద్దదిగా ఉండాలని ఆయన వాదం. కుడిచేత్తో తినమన్న హదీసుకి ఒక్క మనిషి చాలొచ్చు. సగం మనుషుల్ని బతుకంతా పక్కన కూర్చోబెట్టడానికి ఒక్క అబూ బక్రా చాలడు.

* * *

హదీసు నిజమే అనుకున్నవాళ్ళు కూడా దాన్ని అన్నిచోట్లా ఒకేలా వాడలేదు. మా ఊళ్ళో అందరూ హనఫీలే. ఆ హనఫీ న్యాయశాస్త్రమే కొన్ని నేరాల కేసులు మినహా మిగతా వాటిల్లో స్త్రీ తీర్పు చెప్పవచ్చంది. భోపాల్‌ని 1819 నుంచి 1926 దాకా నలుగురు బేగములు వరసగా ఏలారు. వాళ్ళలో షాజహాన్ బేగం భర్త సిద్దీఖ్ హసన్ ఖాన్ ఆ కాలపు పెద్ద హదీసు పండితుడు, భార్య రాజ్యంలో ఉంటూనే పుస్తకాలు రాశాడు. పాకిస్తాన్‌లో 1965 ఎన్నికల్లో ఫాతిమా జిన్నా నిలబడితే మౌదూదీ ఆమెని సమర్థించాడు. 1988లో బేనజీర్ గెలిస్తే మళ్ళీ ఈ హదీసు బయటికొచ్చింది. అవసరాన్ని బట్టి అటకెక్కుతుంది, అవసరాన్ని బట్టి దిగుతుంది.

మరి ఆ హదీసు ఉన్న బుఖారీ గ్రంథం మన దాకా ఎలా వచ్చింది? దాన్ని తర్వాతి తరాలకు అందించిన వాళ్ళలో గొప్ప పేరున్న మనిషి మక్కాలో ఉండిన కరీమా మర్వజియ్యా. పదకొండో శతాబ్దపు స్త్రీ. బాగ్దాద్ చరిత్రకారుడు ఖతీబ్ కూడా వచ్చి ఆమె దగ్గర బుఖారీ చదువుకున్నాడు. ఒక విద్యార్థి ఆమె ప్రతి చూసి ఏడు ఆకులు రాసుకుని, తప్పులు నేనొక్కణ్ణే సరిచూసుకుంటానన్నాడట. కుదరదు, నాతో కూర్చుని సరిచూడాల్సిందే అందట. స్త్రీకి వ్యవహారం అప్పగిస్తే బాగుపడరన్న వాక్యంలో అక్షరం తప్పు పోకుండా కాపాడినవాళ్ళలో ఒక స్త్రీ ఉంది. హదీసు చెప్పినవాళ్ళని నిర్దాక్షిణ్యంగా తూచిన జహబీ, అబద్ధం చెప్పిందని నింద పడిన స్త్రీ తనకొక్కతీ తెలియదని రాశాడు.

నా మహర్ కథ స్త్రీని పోగొట్టుకున్నాను కానీ, నాతో కూర్చుని సరిచూడమన్న కరీమా దొరికింది. మీటింగుల్లో ఇప్పుడు ఈమెను తలచుకుంటున్నాను.

పోయిన రంజానుకి ఊరెళ్ళినప్పుడు ఖాలమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. మోకాళ్ళు పట్టేశాయి. ఇన్నేళ్ళుగా చదువుతున్నావు కదా, ఇంతకూ ఆయన చెప్పిన మాట నిజమా అబద్ధమా అని అడిగింది. అబద్ధమని చెప్తే సంతోషపడుతుందని తెలుసు. చెప్పలేకపోయాను.

"కాయితం నకిలీదని గట్టిగా చెప్పలేను ఖాలమ్మా. కానీ ఒక్కడే సాక్షి. అది కూడా ఫారస్ రాజుల ఇంటి సంగతి మీద పుట్టిన మాట. మన ఊరి పేరు అందులో లేదు" అన్నాను.

ఆమె కాసేపు ఆలోచించింది. చిన్నప్పటి నుంచీ పొలం తగాదాలు చూసిన మనిషి.

"అంటే కాయితం ఉన్నది, హద్దులు వాళ్ళు రాసుకున్నరు" అంది. తర్వాత మోకాలు రాసుకుంటూ, "నేనేమన్న ఖలీఫా అయితనన్ననా బిడ్డా? నీళ్ళ ట్యాంకు కట్టిపిస్తనన్న" అంది.

ఆ రోజు ఆ కుర్రవాడు సనద్ అడిగినప్పుడు నేను చెప్పాల్సింది ఇదే. నాకు అప్పుడు తెలియలేదు. హద్దులు చూపించండి అని అడిగి ఉండాల్సింది.